నవజాత శిశువు రాకకు ఇంటిని సిద్ధం చేసుకొనే విధానం

గర్భిణికి ఏడవ నెల ప్రవేశించగానే మన ఇళ్ళలో సందడి మొదలవుతుంది. సీమంతం జరుగుతుంది. తొలికాన్పు అయితే పుట్టింటివారు వచ్చి అమ్మాయిని తమ ఇంటికి తీసుకొని వెళతారు. ఊయల ఎక్కడ కొనాలి, వెండి ఉగ్గుగిన్నె ఎవరు పెట్టాలి, మెత్తని పాత నూలు చీరలు ఎవరి ఇంట ఉన్నాయి అని పెద్దలు మాట్లాడుకొంటూ ఉంటారు. కాని పుట్టబోయే బిడ్డ రేయింబవళ్ళు ఏ గదిలో ఉండి గాలి పీల్చుకొంటుందో, ఆ గదిని గురించి ఆలోచించేవారు అరుదు. ఇంటిలో వాడకం తక్కువగా ఉన్నదీ, వెనుకవైపు మూలగా ఉన్నదీ అయిన గదియే సాధారణంగా పురిటి గది అవుతుంది. దాని కిటికీ మూసివేస్తారు. కిటికీ సందులలో గుడ్డలు కుక్కుతారు. ఉదయం, సాయంకాలం సాంబ్రాణి పొగ వేస్తారు. చలికాలమైతే మంచం కింద బొగ్గుల కుంపటి పెడతారు. ఇదంతా ఆయుర్వేదం చెప్పినదేనని చాలామంది నమ్మకం.

వైద్యవృత్తిలో ఉన్న నన్ను ఈ విషయమై అడిగేవారికి నేను చెప్పే సమాధానం ఒక్కటే. మన శాస్త్రం వర్ణించిన శిశువు గది వేరు, మన అలవాటులో మిగిలిన పురిటి గది వేరు. శాస్త్రంలోని గదికి వెలుతురు ఉన్నది, గాలి వచ్చే దారి ఉన్నది. ఆ రెండింటినీ తిరిగి తెచ్చుకొనడమే బిడ్డ కోసం ఇల్లు సిద్ధం చేయడంలో మొదటి పని.

శాస్త్రం ఏమి చెప్పినది?

చరక సంహిత శారీరస్థానంలోని ఎనిమిదవ అధ్యాయం పేరు జాతిసూత్రీయము. గర్భధారణ మొదలుకొని శిశుపోషణ వరకు కావలసిన విషయాలు అందులో ఉన్నవి. ప్రసవం కొరకు సూతికాగారాన్ని తొమ్మిదవ నెల రాకమునుపే ఏర్పాటు చేసుకొనవలెనని చరకుడు చెప్పినాడు. ఎముకలు, గులకరాళ్ళు, పెంకులు లేని శుభ్రమైన నేల ఎంచుకొనవలెనని, ద్వారం తూర్పునకో ఉత్తరమునకో ఉండవలెనని అన్నాడు. నొప్పులు మొదలైన తరువాత గది వెదకుకొనే పద్ధతి ఆనాడు కూడ లేదన్నమాట.

అదే అధ్యాయంలో శిశువు పెరిగే గదిని కుమారాగారము అనే పేరుతో వర్ణించినాడు. ఆ లక్షణాలను మన మాటలలో చెప్పుకొంటే ఇలా ఉంటాయి. గది చూడ ముచ్చటగా ఉండవలెను. చీకటిగా ఉండరాదు. ఈదురుగాలి కొట్టరాదు, అయినను ఒక భాగం నుండి గాలి ఆడుతూ ఉండవలెను. కట్టడం గట్టిగా ఉండవలెను. పశువులు, కోరలు గల జంతువులు, ఎలుకలు, పురుగులు ప్రవేశించరాదు. నీరు, స్నానం, మలమూత్ర విసర్జన, వంట, దంపుడు పనులకు వేరువేరు తావులు ముందే నిర్ణయించి ఉండవలెను. ఋతువునకు తగిన సుఖం, ఋతువునకు తగిన పక్క ఉండవలెను.

ఇందులో ‘నివాతము’, ‘ప్రవాతైకదేశము’ అనే రెండు మాటలు పక్కపక్కనే వస్తాయి. మొదటిదానికి గాలి దెబ్బ లేనిదని, రెండవదానికి ఒకవైపున గాలి వచ్చే తావు గలదని అర్థం. ప్రసవమైన స్త్రీ దేహంలో వాతం ప్రకోపించే అవకాశం ఎక్కువ కనుక ఎదురుగాలి తగలకుండ చూడమన్నారు. కాలక్రమంలో మన ఇళ్ళలో మొదటి మాట మాత్రమే నిలిచి, రెండవది మరుగున పడినది. గాలి దెబ్బ తగలకుండ చూడటానికీ, గాలి లేకుండ చేయడానికీ మధ్య గల తేడాను పెద్దలు దయచేసి గమనించవలెను.

గాలి, వెలుతురు

గదికి రెండు కిటికీలు ఉంటే మంచానికి దూరంగా ఉన్న దానిని పగలంతా తెరచి ఉంచవలెను. ఒక్కటే ఉంటే మంచాన్ని దాని ఎదుట కాక పక్క గోడవైపు వేయవలెను. కిటికీకి దోమలు రాకుండ సన్నని వల బిగించవలెను. గాలి ఎంత ఆడుతున్నదో తెలుసుకొనుటకు నేను ఒక చిన్న ఉపాయం చెబుతూ ఉంటాను. బిడ్డ పడుకొనే చోట, తల ఎత్తున ఒక నూలుపోగు వ్రేలాడదీయండి. అది ఎడతెగక ఊగుతూ ఉంటే మంచం జరపవలెను. రోజంతా కదలక మెదలక ఉంటే మరొక రెక్క తెరవవలెను. అప్పుడప్పుడు మెల్లగా కదిలితే తావు సరిగా కుదిరినట్లే. పరీక్ష ముగిసిన వెంటనే ఆ పోగును తీసివేయవలెను.

మన ప్రాంతంలో వైశాఖ జ్యేష్ఠ మాసాలలో బిడ్డ పుడితే కిటికీ మూసి, ఉన్ని టోపీ పెట్టి, రెండు దుప్పట్లు చుట్టడం హింస క్రిందకే వస్తుంది. అధికమైన వేడిమి వలన నవజాత శిశువుకు జ్వరం వస్తుంది, దేహంలోని నీరు తగ్గిపోతుంది. ఫ్యాను వేయవచ్చును. ఆ గాలి నేరుగా బిడ్డ ముఖంపై పడకుండ చూసుకొంటే చాలును. గది వేడిమి 25 నుండి 28 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటే నెలలు నిండి పుట్టిన బిడ్డకు హాయిగా ఉంటుంది. బిడ్డ పొట్టను, అరికాళ్ళను చేతి వెనుకవైపుతో తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే అంతా సవ్యమే. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే చలి వేస్తున్నదని అర్థం. రెండూ చల్లబడితే అది ప్రమాద సూచన, ఆలస్యం చేయరాదు.

వెలుతురు అవసరానికి మరొక ముఖ్య కారణం ఉన్నది. పుట్టిన రెండు మూడు రోజులకు చాలామంది శిశువులకు చర్మం పసుపుపచ్చగా మారుతుంది. అధిక సంఖ్యాకులలో అది దానంతట అదే తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం కామెర్లు తీవ్రమై, చికిత్స ఆలస్యమైతే మెదడుకు శాశ్వతమైన హాని కలుగుతుంది. చీకటి గదిలో, చిన్న పచ్చని దీపం వెలుగులో ఆ రంగు ఎవరి కంటికీ ఆనదు. కనుక ప్రతి ఉదయం బిడ్డను కిటికీ వద్దకు తెచ్చి, నుదుటిమీద, రొమ్ముమీద వేలితో మెల్లగా నొక్కి వదలి, పగటి వెలుతురులో ఆ చోటి రంగు చూడవలెను. పుట్టిన 24 గంటలలోపే పచ్చదనం కనిపించినా, తరువాత అరచేతులకు, అరికాళ్ళకు వ్యాపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకొని పోవలెను. లేత ఎండలో పడుకోబెట్టడం దీనికి చికిత్స కాజాలదు.

కుంపటి తెచ్చే ముప్పు

ఒక మార్గశిర మాసంలో బాలింతను చూడవలెనని కబురు రాగా నేను ఒక పల్లెకు వెళ్ళవలసి వచ్చినది. ప్రసవమై ఎనిమిది దినములైనది. ఆమెకు తెల్లవారుజాము నుండి తీవ్రమైన తలనొప్పి, వాంతులు. బిడ్డ పాలు త్రాగడం మాని, లేపినా లేవక మగతగా పడి ఉన్నది. తలుపు తీయగానే వేడి ఆవిరి వంటి గాలి ముఖానికి తగిలినది. మంచం క్రింద కుంపటి ఉన్నది. కిటికీ సందులలో గోనెగుడ్డలు ఉన్నవి. “బాలింతకు గాలి తగిలితే వాతం కమ్ముతుందండీ, అందుకే మూసినాము” అన్నది ఆ ఇంటి పెద్దావిడ. ఆమె ఉద్దేశంలో ప్రేమయే తప్ప మరొకటి లేదు. తల్లీబిడ్డలను వెంటనే వసారాలోకి తెప్పించి, వాహనం రప్పించి, ప్రాణవాయువు ఇచ్చే సౌకర్యం గల ఆసుపత్రికి పంపినాము. ఇద్దరూ కోలుకొన్నారు. రాత్రంతా తలుపు వేసి ఉండి, ఎవరూ లేపకుండ మరి రెండు గంటలు గడచి ఉంటే ఏమి జరిగేదో చెప్పవలసిన పని లేదు.

బొగ్గు మూసిన గదిలో మండేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. అందువలన ఊపిరి ఆడుతున్నా దేహానికి ప్రాణవాయువు అందదు. పెద్దవారికి తలనొప్పి, వికారం, నిద్రమత్తు కలుగుతాయి. బిడ్డ ఏ బాధనూ చెప్పుకొనలేదు. మగతగా ఉన్న బిడ్డను చూచి హాయిగా నిద్రపోతున్నదని ఇంటివారు సంతోషిస్తారు. కుంపటి, కట్టెల పొయ్యి, కిరోసిన్ స్టవ్వు, జనరేటరు ఏవీ తల్లీబిడ్డలు పడుకొనే గదిలో గాని, ఆ గదిలోకి గాలి వచ్చే చోట గాని ఉండరాదు.

మరి చలికాలంలో వెచ్చదనం ఎట్లా అని అడుగుతారు. అన్ని కుంపట్ల కంటె మేలైనది తల్లి రొమ్ము. బిడ్డకు తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు, అడుగున గుడ్డ మాత్రం ఉంచి, తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేటట్లు నిలువుగా పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పవలెను. బిడ్డ ముక్కు, నోరు తెరిపిగా, కంటికి కనబడుతూ ఉండవలెను. 1978లో కొలంబియా దేశంలోని బొగొటా నగరంలో తక్కువ బరువుతో పుట్టిన శిశువుల కొరకు ఈ పద్ధతిని ఆసుపత్రిలో ప్రారంభించినారు. నేడు మన ప్రభుత్వ ఆసుపత్రులలోను దీనిని నేర్పుతున్నారు. రెండున్నర కిలోల కంటె తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ఇది ఎంతో రక్షణ. తల్లి అలసినప్పుడు తండ్రిగాని, అమ్మమ్మగాని ఆ విధంగా ఎత్తుకొనవచ్చును.

ధూపనము ఎవరికి, దేనికి?

బిడ్డకు స్నానం చేయించి సాంబ్రాణి పొగ పట్టడం మన ఇళ్ళలో తప్పనిసరి ఆచారం. కుమారాగార వర్ణనను అనుసరించి చరకుడు చెప్పిన ధూపద్రవ్యాలు వేటికి వాడమన్నాడో చూడండి. వస్త్రాలకు, పక్కలకు, దుప్పట్లకు, కప్పుకొనే బట్టలకు ఆ ధూపం చెప్పినాడు. అందులో యవలు, ఆవాలు, అవిసెలు, ఇంగువ, గుగ్గులు, వస మొదలైనవి ఉన్నవి. కాశ్యప సంహితలో ధూపకల్పము అని ఒక అధ్యాయమే ఉన్నది. అందులోని ధూపాలు ఆయా వ్యాధులకు వైద్యుడు ఎంచి చేయించే చికిత్సలు. రోజుకు రెండుసార్లు మూసిన గదిలో పొగ నింపడానికి వాటిని ఆధారంగా చూపరాదు.

నవజాత శిశువు నిమిషానికి 40 నుండి 60 సార్లు ఊపిరి పీలుస్తుంది. అంటే పెద్దవారికి రెండు మూడు రెట్లు. పొగలోని సన్నని రేణువులు లేత శ్వాసకోశాలలో చేరి దగ్గు, పిల్లికూతలు, న్యుమోనియా కలిగే అవకాశాన్ని పెంచుతాయి. సాంబ్రాణి, అగరువత్తులు, దోమలచుట్ట, చుట్ట, బీడీ, సిగరెట్టు ఏ పేరైనా పొగ పొగయే. కనుక ధూపనాన్ని శాస్త్రం చెప్పిన వస్త్రాలకే వాడుకొందాము. ఆ విధానం ఇది.

బాగా ఎండిన వేపాకులు రెండు గుప్పెళ్ళు, ఆవాలు ఒక చెంచా, పలుకులుగా కొట్టిన గుగ్గులు ఒక చెంచా, ఎండు వసకొమ్ము చిన్న ముక్క, వీటిని కలిపి ఉంచుకొనవలెను. పెరటిలో, ఆరుబయట, మట్టిమూకుడులో నిప్పులు వేసి వాటిపై ఈ పొడిని కొంచెం కొంచెంగా చల్లవలెను. మంట రాక పొగ మాత్రం వచ్చేటట్లు చూడవలెను. దానిపై ఎత్తైన వెదురు గంప బోర్లించి, ఉతికి ఆరవేసిన బట్టలను గంపమీద పరచి పది నిమిషాలు ఉంచవలెను. నిప్పు వద్ద నుండి కదలరాదు. ఆ తరువాత బట్టలను బాగా దులిపి, రెండు గంటలు ఎండలో వేసి, పొగ వాసన పోయిన పిమ్మట మడచి పెట్టుకొనవలెను. వారానికి ఒకసారి చాలును. తీరిక లేనివారు మరిగించి ఉతికి తీవ్రమైన ఎండలో ఆరవేసి ఇస్త్రీ చేసినా సరిపోతుంది.

వస్త్రాలు, పక్క

శిశువు బట్టలు మెత్తగా, తేలికగా, శుచిగా ఉండవలెనని, చెమట, మురికి, మలమూత్రాలు అంటినవి విడిచిపెట్టవలెనని శాస్త్రం. వేరే లేనప్పుడు వాటినే బాగా ఉతికి, ధూపనం చేసి, ఆరిన తరువాత వాడవచ్చునని కూడ చెప్పినది. ఇది పేదవారికి ఇచ్చిన వెసులుబాటు. కొత్తబట్టల కంటె పలుమార్లు ఉతికిన పాత నూలు చీర, పంచె బిడ్డకు హితం అనే మన అమ్మమ్మల మాట నూటికి నూరుపాళ్ళు సరియైనది. ముప్పది గుడ్డముక్కలు, ఆరు చొక్కాలు, నాలుగు టోపీలు, రెండు దుప్పట్లు ఉంటే వానకాలంలోను ఇబ్బంది ఉండదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఆ పాత చీరలను, ఉన్ని బట్టలను ట్రంకుపెట్టెలలో కలరా ఉండలు వేసి దాస్తారు. ఈ నాఫ్తలీన్ వాసన బట్టలలో చాలాకాలం నిలిచి ఉంటుంది. జి-6-పి-డి అనే ఎంజైము లోపంతో పుట్టిన శిశువులలో ఈ నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను విచ్ఛిన్నం చేసి తీవ్రమైన కామెర్లను కలిగించగలదు. ఆ లోపం ఉన్నదో లేదో బిడ్డను చూచి చెప్పలేము. కనుక ఎనిమిదవ నెలలోనే బట్టలు బయటకు తీసి, రెండుమూడుసార్లు ఉతికి, పలుదినాలు ఎండవేసి, వాసన పూర్తిగా పోయిన తరువాతనే వాడవలెను. ఆ గదిలో ఎక్కడా కలరా ఉండలు ఉంచరాదు. పెట్టెలలో ఎండు వేపాకు వేసుకొనవచ్చును.

పక్క గట్టిగా, సమంగా ఉండవలెను. బిడ్డను వెల్లకిల పడుకోబెట్టవలెను. తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు కుట్టే వాడుక ఉన్నది. బిడ్డకు అసలు దిండే అవసరం లేదు. ముఖం చుట్టూ మెత్తలు, బొమ్మలు, ముడతలు పడిన దుప్పట్లు ఉంటే ఊపిరాడకపోయే ప్రమాదం ఉన్నది. చీర ఊయలలో బిడ్డ గడ్డం రొమ్మునకు ఆనిపోవచ్చును. మెలకువగా ఉన్నప్పుడు, పెద్దవారు దగ్గర ఉండి, కొద్దిసేపు ఊపుకొనవలెనే గాని రాత్రంతా అందులో ఉంచరాదు. దాని త్రాళ్ళు ఇంటిలోని పెద్దపిల్లల మెడకు చుట్టుకొనే ప్రమాదం కూడ ఉన్నది.

గోడలు, నేల, నీరు

సున్నం, రంగులు వేయదలచినవారు కనీసం నెలరోజుల ముందే పూర్తి చేసుకొనవలెను. పాత రంగుపెచ్చులను గర్భిణి ఉన్న ఇంట గీకరాదు. ఇళ్ళకు వేసే రంగులలో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలు మించరాదనే నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చినది. అంతకుముందు వేసిన రంగుల ధూళిలో సీసం ఉండవచ్చును. అది మెదడు ఎదుగుదలకు విషం.

మట్టినేల ఉన్నవారు పేడతో అలుకుతారు. పశువుల పేడలో ధనుర్వాత క్రిములు ఉంటాయి. బాలింత గదిని ప్రసవానికి ముందే అలికి బాగా ఆరనిచ్చి, తరువాత పేడ వాడకుండ ఉండుట మేలు. బొడ్డుపై పేడ, బూడిద, పసుపు, నూనె ఏదీ వేయరాదు. దానిని పొడిగా వదలివేయడమే చికిత్స. తల్లులకు టీకాలు, శుభ్రమైన కాన్పుల వలన 2015లో మన దేశం నవజాత శిశువుల ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా గుర్తింపు పొందినది. ఆ విజయాన్ని ప్రతి ఇల్లూ కాపాడుకొనవలెను.

గది గుమ్మం వద్ద సబ్బు, చెంబు, శుభ్రమైన తువ్వాలు ఉంచండి. ఎవరు లోనికి వచ్చినా చేతులు కడుగుకొని బిడ్డను తాకవలెను. బాలింత రాత్రివేళ నాలుగైదుసార్లు లేవవలసి ఉంటుంది. మరుగుదొడ్డికి పోయే దారిలో దీపం, జారని నేల, పట్టుకొనుటకు ఆధారం ఉన్నవో లేవో అమ్మమ్మగారు ఒకసారి స్వయంగా నడచి చూడవలెను. ప్రసవించిన స్త్రీ సౌకర్యం కూడ శిశువు ఏర్పాటులో భాగమే.

లాలపోసే చోట గాలి కొట్టకుండ చూడవలెను. పుట్టిన 24 గంటలలోపు స్నానం చేయించరాదు. బొడ్డు ఊడేవరకు తడిగుడ్డతో తుడవడం చాలును. తొట్టిలో మొదట చన్నీళ్ళు పోసి, తరువాత వేడినీళ్ళు కలిపి, మోచేతితో వేడి చూచుకొనవలెను. నువ్వులనూనె గాని, కొబ్బరినూనె గాని గోరువెచ్చగా ఒంటికి మెల్లగా రాయవచ్చును. ముక్కులో, చెవులలో పోయరాదు. నీరు కాచే కరెంటు హీటరు తీగలు తడి నేలపై ఉండరాదు.

క్రిమికీటకాల నివారణ

పెంకుటిళ్ళలో తేళ్ళు, జెర్రులు, ఎలుకలు తిరుగుతాయి. తూముకు ఇనుపవల, గడపక్రింద సందుకు చెక్కపట్టీ వేయవలెను. బిడ్డ పాలు కక్కిన గుడ్డలను పక్కలో వదలితే చీమలు పడతాయి. చీమలకోసం మంచం కోళ్ళ క్రింద నీటిగిన్నెలు పెట్టేవారు ఆ నీటిని ప్రతిదినం పారబోయవలెను. లేనిచో అందులో డెంగీ దోమలు పెరుగుతాయి. తొట్లు, డ్రమ్ములు, పూలకుండీల పళ్ళెములు వారానికి ఒకనాడు పూర్తిగా ఆరబెట్టవలెను. బిడ్డకు పగలు కూడ దోమతెర కట్టవలెను, ఎందుకనగా డెంగీ దోమ పగలు కుడుతుంది.

గదిలో ఉంచకూడనివి

బొమ్మల విషయంలో చరకుని చూపు ఎంత నిశితమో చూడండి. అవి బరువుగా ఉండరాదని, కొనలు వాడిగా ఉండరాదని, నోటిలో దూరేవి కారాదని, బిడ్డను భయపెట్టేవి కారాదని చెప్పినాడు. ఈనాటి బొమ్మల దుకాణానికి పోయేవారు ఈ నాలుగు నియమాలు గుర్తుంచుకొంటే చాలును. వీటితోపాటు ఈ క్రింది వస్తువులను బాలింత గదికి దూరంగా ఉంచవలెను.

1. తేనె: జాతకర్మలో తేనె, నెయ్యి నాకించడం ప్రాచీన గ్రంథాలలో ఉన్నదే. అయితే తేనెలో బొటులిజమ్ అనే వ్యాధిని కలిగించే సూక్ష్మబీజాలు ఉండవచ్చునని, ఏడాదిలోపు శిశువు ప్రేగులు వాటిని అడ్డుకొనలేవని నేడు మనకు తెలుసు. తెలిసిన తరువాత మానుకొనుటయే వివేకం.

2. ఉగ్గుగిన్నె, ఆముదం, వసకొమ్ము: ముర్రుపాలు మొదటి గంటలోనే పట్టవలెను. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీరు కూడ అవసరం లేదు. మాటలు త్వరగా వస్తాయని వస నాకించరాదు. వెండి గిన్నె ఎవరు బహూకరించినా ఆరు నెలలపాటు పెట్టెలో భద్రంగా ఉంచండి.

3. కాటుక, సుర్మా: కొన్నింటిలో సీసం ఉంటుంది, కంటికి వేలితో క్రిములు చేరుతాయి. దిష్టిచుక్క పెట్టవలెనంటే అరికాలిపై పెట్టుకొనవచ్చును.

4. ముఖానికి చల్లే పౌడరు: దాని ధూళి ఊపిరితిత్తులలో చేరుతుంది.

పురుడు నియమంలోని మేలు

పురుడు పాటించే దినాలలో పరాయివారు బాలింతను తాకరాదనే కట్టుబాటు మనలో ఉన్నది. బిడ్డకు క్రిములు సోకకుండ చూడడానికి ఇది ఎంతో ఉపకరిస్తుంది. బారసాల వరకు చూడవచ్చేవారిని వసారాలోనే కూర్చుండబెట్టండి. జలుబు, దగ్గు, చర్మవ్యాధి ఉన్నవారు బంధువులైనా సరే బిడ్డను ముద్దుపెట్టుకొనరాదు. కాని ‘మైల’ అనే పేరుతో తల్లిని చీకటి కొట్టులో ఒంటరిగా ఉంచడం, అడిగినప్పుడు నీరు ఇవ్వకపోవడం, పథ్యమని కడుపు మాడ్చడం శాస్త్రసమ్మతం కాదు. మంచి గది తల్లిదే కావలెను.

నెలలవారీ ఏర్పాటు

ఏడవ నెల: గది ఎంపిక, కిటికీ మరమ్మతు, రంగులు, సున్నం.
ఎనిమిదవ నెల: బట్టలు తీసి ఉతకడం, దోమవల, తూము వల, మరుగుదొడ్డి దారి.
తొమ్మిదవ నెల ఆరంభం: మంచం వేసి నూలుపోగు పరీక్ష, బట్టలకు ధూపనం, ఆసుపత్రి సంచి, రక్తదాతల వివరాలు, 108 మరియు 102 వాహనాల సంఖ్యలు గోడపై వ్రాసుకొనడం.
ప్రసవం తరువాత: ఆసుపత్రిలో కాన్పు అయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినాలలో ఇంటికి వచ్చి బిడ్డను చూడవలసి ఉంటుంది. ఆ తేదీలను క్యాలెండరుపై గుర్తు పెట్టుకొని, రానిచో పిలిపించుకొనవలెను.

ఈ లక్షణాలకు ఇంటివైద్యం తగదు

బిడ్డ పాలు త్రాగకపోవడం, లేపినా లేవకపోవడం, నిమిషానికి 60కి మించి ఊపిరి, డొక్కలు ఎగురవేయడం, మూర్ఛ, ఒళ్ళు చల్లబడటం లేదా చంకలో 37.5 డిగ్రీలు మించిన వేడి, బొడ్డు చుట్టూ ఎరుపు గాని చీము గాని, అరచేతులు అరికాళ్ళు పచ్చబడటం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆసుపత్రికి వెళ్ళవలెను. కషాయాలకు, పసరులకు ఆ సమయం కాదు. దారిలో బిడ్డను తల్లి రొమ్మునకు హత్తుకొనియే తీసుకొని పోవలెను.

ఇందులో చెప్పిన ఏర్పాట్లలో ఖర్చుతో కూడినవి కొద్ది. చాలావరకు ముందుచూపు, శుభ్రత, కొంత శ్రమ మాత్రమే కావలెను. అన్నీ చేయలేనివారు ఒక్కటి తప్పక చేయండి. పురిటి గదికి ఉన్న కిటికీ సందులలోని గుడ్డలు తీసి, దానికి దోమవల బిగించి తెరవండి. మంచం క్రింది కుంపటిని గది బయటకు పంపండి. రేపు ఆ గదిలోకి రాబోయే బిడ్డకు మీరు ఇచ్చే తొలి కానుక శుద్ధమైన ఊపిరియే కావలెను.